అక్క పుట్టింటికొస్తే.. కత్తి తియ్యాలా, కంచం పెట్టాలా?

మన సినిమాల్లో చెల్లెలి కాపురంలో గొడవ మొదలైందంటే అన్నకు రెండే పనులు. ఏడవడం, లేదంటే నరకడం. 2004లో వచ్చిన ‘పుట్టింటికి రా చెల్లి’లో అర్జున్‌ది మొదటి దారి. 2006లో ‘రాఖీ’లో ఎన్టీఆర్‌ది రెండోది. కట్నం కోసం చెల్లెల్ని కాల్చి చంపాక ఆ అన్న మామూలు మనిషిగా మిగలడు. నాకు రెండు రకాలూ ఇష్టమే, అబద్ధమెందుకు. ఈల కూడా వేస్తా.

కానీ నిజంగా మన ఇంటి గుమ్మంలోకి అక్క బ్యాగుతో వచ్చి నిలబడితే ఏం చెయ్యాలి? అది ఏ హీరో నేర్పలేదు.

మాది నెల్లూరు జిల్లా, మైపాడు పక్కన. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. పడవలన్నీ ఇసక మీదుంటాయి, మగాళ్లంతా ఇళ్లలో ఉంటారు, చేతిలో డబ్బులుండవు. ‘‘ఈ రెణ్ణెల్లే కొంపల్లో రచ్చలెక్కువ’’ అంటుంది మా అమ్మ. ఈసారి పెద్దక్క కూడా ఆ రోజుల్లోనే బిడ్డనెత్తుకుని వచ్చేసింది. బావ చెయ్యి చేసుకున్నాడని నాలుగో రోజు గానీ నోరు విప్పలేదు.

ఆ వారంలోనే ఒక రాత్రి ఫోన్‌ని బియ్యం డబ్బాకి ఆనించి ‘రక్తసంబంధం’ పెట్టుకున్నాం. ఎంపిక అమ్మది. 1962 సినిమా, వి.మధుసూదనరావు దర్శకుడు. ఎన్టీఆర్, సావిత్రి అన్నాచెల్లెళ్లు, కాంతారావు చెల్లెలి భర్త. అంతకు ముందు ఏడాది తమిళంలో శివాజీ గణేశన్‌తో భీంసింగ్ తీసిన ‘పాశమలర్’కి ఇది రీమేక్. చెల్లెలు అక్కడా సావిత్రే! పక్కపక్కనే పెట్టి చూడండి, ఒకే కథలో ఒకే మనిషి రెండు భాషల్లో ఎట్టా ఏడిపించిందో తెలుస్తుంది.

చూస్తూ ఉంటే నాకొకటి తట్టింది. ఈ సినిమాలో మొగుడు మంచోడే. చిచ్చు పెట్టేది ఇంట్లోకొచ్చిన పెద్దావిడ, సూర్యకాంతం. గుణశేఖర్ తీసిన ‘అర్జున్’ (2004) తీసుకోండి. అక్కడా మహేశ్‌బాబు కవల సోదరికి మొగుడితో ఏ బాధా లేదు, పాపమంతా అత్తామామలు సరిత, ప్రకాశ్‌రాజ్‌లది. ఇట్టా అయితే కథకి సుఖం. సూర్యకాంతాన్ని నాలుగు తిట్టుకుంటే కాపురం పవిత్రంగానే ఉంటుంది. మరి చెయ్యెత్తింది మొగుడే అయితే? అన్న ఎవరి మీదికి పోవాలి, చెల్లెలు ఎవరి దగ్గరికి తిరిగి పోవాలి? ఈ ప్రశ్న దగ్గరికి మన సిస్టర్ సెంటిమెంట్ సినిమా చాలా తక్కువసార్లు వస్తుంది.

ఎన్టీఆర్ చెల్లెలి కోసం ఒక్కోటీ వదులుకుంటూ పోతుంటే అమ్మ కళ్లు తుడుచుకుంటోంది. పెద్దక్క మాత్రం ఏడవలేదు. ‘‘అన్నీ ఇస్తానే ఉన్నాడు గానీ, నీకేం కావాలమ్మే అని ఒక్కసారన్నా అడిగినాడా?’’ అంది.

మా పెదనాన్న కొడుకులు అప్పటికే బండ్లు తీశారు, బావ ఊరికి పోదాం పదమని. అక్కే ఆపింది. ‘‘మీరు పోయి కొట్టొస్తారు. ఆ తర్వాత మాటలు పడేది నేను.’’ ‘సర్దుకుపో’ అన్న అమ్మకి కూడా అదే రాత్రి జవాబు చెప్పింది, అది ఇక్కడ రాయను.

అక్కకి అసలు పనికొచ్చింది చిన్నక్క. పెద్ద పెద్ద మాటలేం చెప్పలేదు. పక్కలో పడుకుంది. తెల్లారుజామున కట్ట దాకా నడిపించుకుపోయేది, ఏం అడిగేది కాదు. బిడ్డకి నీళ్లు పొయ్యడం, తినిపించడం నాకప్పజెప్పింది. దెబ్బల ఫొటోలు తీయించింది, ఏ రోజు ఏం జరిగిందో తేదీలతో సహా ఫోన్‌లో రాయించింది. 181 నంబర్ మహిళల హెల్ప్‌లైన్ అని, గృహహింస నుంచి రక్షణకు 2005లోనే చట్టం వచ్చిందని, మెట్టినింట్లో ఉండే హక్కు, కొట్టకుండా కోర్టు ఉత్తర్వు రెండూ దాంట్లో అడగొచ్చని చెప్పింది. ఫోన్ చెయ్యమని మాత్రం తొందరపెట్టలేదు. నంబర్ సేవ్ చేసి ఇచ్చింది, అంతే. నన్నడిగితే ఇంత ఓపికున్న తోబుట్టువు పాత్ర ఒక్కటి సినిమాలో రాస్తే ఇంటర్వెల్ ఫైటు అక్కర్లేదు.

ఇంకో సంగతి. తెర మీద సావిత్రికి అన్నయ్యగా అన్నీ వదులుకున్న ఎన్టీఆరే ముఖ్యమంత్రయ్యాక 1986లో హిందూ వారసత్వ చట్టానికి ఆంధ్రప్రదేశ్ సవరణ తెచ్చారు. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతుళ్లకు కొడుకులతో సమానంగా పుట్టుకతోనే వాటా. 1985 సెప్టెంబర్ 5 నుంచే వర్తించేలా చేశారు. కాకపోతే అప్పటికే పెళ్లయినవాళ్లకు దక్కలేదు. 2005లో కేంద్రం దేశమంతటికీ సవరణ చేసినప్పుడు ఆ పెళ్లి మెలిక పోయింది. తండ్రి 2005కి ముందే చనిపోయినా కూతురి హక్కు పోదని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చేసింది. అంటే పుట్టిల్లు అన్న దయ కాదన్నమాట. రాఖీ రోజు కట్టే దారానికి, పెట్టే చీరకి దీంతో సంబంధం లేదు.

మేముండేది తాత కట్టిన ఇల్లు. నాన్న దగ్గర ఈ మాట ఇంకా ఎత్తలేదు, వేట మొదలై ఆయన చేతిలో నాలుగు డబ్బులు ఆడినాక కదిలించాలని చిన్నక్క ప్లాను. పెద్దక్కకి మాత్రం చెప్పాం, ఈ గోడల్లో నీకూ ఒక వాటా ఉందని.

‘‘అది తర్వాత చూద్దాంలేరా. బళ్లు తెరవబోతా ఉండారు, ముందు నా బిడ్డకి ఈడ సీటు దొరుకుతుందేమో కనుక్కోండి’’ అంది.