ఇంటివారి జ్ఞాపకాలలో దైవప్రవక్త (స)

రబీఉల్ అవ్వల్ మాసం రాగానే మన ఊళ్ళలో సీరత్ సభలు మొదలవుతాయి. వక్తలు బద్ర్, ఉహుద్, మక్కా విజయం గురించి గంటల తరబడి ప్రసంగిస్తారు. అవి చెప్పుకోవలసినవే. కానీ పరదా అవతల బిడ్డను ఒడిలో వేసుకుని కూర్చున్న తల్లి మనసులోని ప్రశ్నకు మాత్రం అక్కడ తరచుగా జవాబు దొరకదు. ఆ మహనీయుడు ఇంట్లో ఎలా ఉండేవారు?

ఇది పాత ప్రశ్నే. అస్వద్ (రహ్మలై) అనే తాబియీ హజ్రత్ ఆయిషా (ర)ను సరిగ్గా ఇదే అడిగారు. ఇంటివారి పనిలో ఉండేవారని, నమాజు వేళ కాగానే లేచి వెళ్ళేవారని ఆమె బదులిచ్చారు. తమ చెప్పులు తామే బాగుచేసుకునేవారని, బట్టలు కుట్టుకునేవారని, మేక పాలు పితికేవారని ఇతర ఉల్లేఖనాలు తెలుపుతున్నాయి. బయటి జీవితానికి వేలాది సాక్షులున్నారు. తలుపు లోపలి జీవితానికి ఇంటివారే సాక్షులు. అందుకే ఈసారి మేము ఆ సాక్షుల మాటలనే ఆశ్రయించాము.

తొలి భార్య హజ్రత్ ఖదీజా (ర)తో ఆయన కాపురం దాదాపు 25 సంవత్సరాలు సాగింది. ఆమె బతికి ఉండగా ఆయన మరో వివాహం చేసుకోలేదు. ఆమె మరణించిన ఏడు ఇస్లామీయ చరిత్రలో దుఃఖ సంవత్సరంగా పేరుపడింది. తరువాత మదీనాలో మేకను కోసినప్పుడల్లా మాంసంలో కొంత భాగం ఖదీజా (ర) స్నేహితురాళ్ళ ఇళ్ళకు పంపించేవారు. ఒకనాడు ఆమె సోదరి హాలా (ర) గుమ్మం ముందు నిలబడి లోనికి రావడానికి అనుమతి కోరితే, ఆ గొంతులో ఖదీజా (ర) గొంతు వినిపించి ఆయన చలించిపోయారు. ఈ సంగతి మనకు చెప్పినవారు ఆయిషా (ర). తాను ఎన్నడూ చూడని ఆ సవతి మీద కలిగినంత అసూయ మరెవరి మీదా కలగలేదని కూడా ఆమె దాచకుండా చెప్పారు.

మన ఇళ్ళలో భర్తను పోగొట్టుకున్న స్త్రీ ఆయనను తలచుకుని కంటతడి పెడితే అందరూ అర్థం చేసుకుంటారు. భార్యను పోగొట్టుకుని మళ్ళీ పెళ్ళి చేసుకున్న పురుషుడు మొదటి భార్య పేరెత్తితే మాత్రం ముఖాలు చిట్లిస్తారు. ఆమె పుట్టింటివారితో రాకపోకలూ క్రమంగా ఆగిపోతాయి. దైవప్రవక్త (స) ఇంట అలా జరగలేదు.

ఇక తండ్రిగా ఆయన పడిన బాధ తలచుకుంటే గుండె బరువెక్కుతుంది. అత్యధిక చరిత్రకారుల లెక్క ప్రకారం ఆయన సంతానం ఏడుగురు. వారిలో ఆరుగురు ఆయన కళ్ళ ముందే పోయారు. ఖాసిం, అబ్దుల్లాహ్ పసితనంలోనే మరణించారు. హిజ్రీ 2లో బద్ర్‌కు బయలుదేరేటప్పుడు కుమార్తె రుఖయ్యా (ర) జబ్బుతో మంచాన ఉన్నారు. ఆమెకు సేవ చేయడానికి అల్లుడు ఉస్మాన్ (ర)ను మదీనాలోనే ఉండమన్నారు. యుద్ధంలో పాల్గొన్నవారితో సమానంగా ఆయనకూ వాటా ఇచ్చారు. జబ్బుతో ఉన్న భార్యకు చేసే సేవ ఆయన లెక్కలో అంతటి పని. విజయవార్త మదీనా చేరేసరికి రుఖయ్యా (ర) కన్నుమూశారు.

ఆ బద్ర్‌లోనే పెద్ద అల్లుడు అబుల్ ఆస్ శత్రుపక్షాన పోరాడి బందీగా పట్టుబడ్డారు. ఆయన ఇంకా ఇస్లాం స్వీకరించలేదు. మక్కాలో ఉన్న జైనబ్ (ర) భర్త విడుదల కోసం ధనం పంపుతూ అందులో ఒక కంఠహారాన్నీ చేర్చారు. అది పెళ్ళినాడు తల్లి ఖదీజా (ర) ఆమెకు ఇచ్చిన హారం. దానిని చూడగానే దైవప్రవక్త (స) హృదయం కరిగిపోయింది. అయినా తమంతట తాము నిర్ణయం తీసుకోలేదు. మీకు సమ్మతమైతే బందీని విడిచిపెట్టి, ఆమె వస్తువు ఆమెకు తిరిగి ఇవ్వమని సహచరులను అడిగారు. వారు సంతోషంగా ఒప్పుకున్నారు.

అతి చిన్నవాడు ఇబ్రాహీం. పాలిచ్చే దాది భర్త కమ్మరి. మదీనా శివార్లలో ఉన్న ఆ ఇల్లు కొలిమి పొగతో నిండి ఉండేది. దైవప్రవక్త (స) నడిచి వెళ్ళి, ఆ పొగలోనే బిడ్డను ఎత్తుకుని ముద్దాడి తిరిగి వచ్చేవారని ఆయనకు పదేళ్ళు సేవ చేసిన అనస్ (ర) చెప్పారు. రెండేళ్ళయినా నిండకుండానే ఆ బిడ్డ కూడా పోయాడు. ఆ రోజే సూర్యగ్రహణం పట్టింది. ఖగోళ గణన ప్రకారం అది క్రీ.శ. 632 జనవరి 27. ప్రవక్త బిడ్డ పోయినందుకే సూర్యుడు చీకటయ్యాడని జనం అనుకున్నారు. దుఃఖంలో ఉన్న తండ్రికి ఆ మాట ఎంత ఓదార్పుగా ఉండి ఉండేదో! కానీ ఆయన దానిని అంగీకరించలేదు. ఎవరి చావు వల్లా, ఎవరి పుట్టుక వల్లా గ్రహణాలు పట్టవని ప్రజలకు స్పష్టంగా చెప్పారు.

మనవల విషయానికి వస్తే ఉల్లేఖనాలు కోకొల్లలు. జైనబ్ (ర) కూతురు ఉమామాను భుజాన పెట్టుకునే ఆయన నమాజు చేయించారు. సజ్దాకు వెళ్ళేటప్పుడు దించేవారు, లేచేటప్పుడు మళ్ళీ ఎత్తుకునేవారు. మరొకసారి సజ్దాలో ఉండగా ఒక మనవడు వీపెక్కితే, వాడి సరదా తీరేవరకు తల ఎత్తలేదు. ఖుత్బా ఇస్తుండగా హసన్, హుసైన్ (ర) ఎర్రని చొక్కాలతో తడబడుతూ, పడుతూ లేస్తూ రావడం చూసి మింబర్ దిగి వెళ్ళి ఇద్దరినీ ఎత్తుకుని వచ్చారు. మస్జిదులో పిల్లవాడు కాస్త అలికిడి చేస్తే కళ్ళెర్రజేసే మన పెద్దలు ఈ హదీసును ఏ మూల దాచిపెట్టారో తెలియదు. తనకు పదిమంది పిల్లలున్నా ఒక్కరినీ ముద్దాడలేదని అఖ్రా బిన్ హాబిస్ అన్నప్పుడు, కనికరించనివాడు కనికరానికి నోచుకోడని ఆయన బదులిచ్చారు.

జైనబ్ (ర) బిడ్డ ఒకరు ప్రాణాపాయంలో ఉన్నారని కబురు వచ్చింది. సలాం చెప్పి, ఓర్పు వహించమని మొదట సందేశం పంపారు. రావలసిందేనని కూతురు ఒట్టు పెట్టి మళ్ళీ కబురు చేశారు. ఆయన లేచి బయలుదేరారు. బిడ్డను చేతికి అందించేసరికి ఎగఊపిరితో ఛాతీ కొట్టుకుంటోంది. ఆయన కళ్ళ నుండి నీళ్ళు కారాయి. ఇదేమిటని సఅద్ బిన్ ఉబాదా (ర) ఆశ్చర్యపోయారు. ఇది అల్లాహ్ తన దాసుల హృదయాలలో ఉంచిన కారుణ్యమని దైవప్రవక్త (స) చెప్పారు. మగవాడు ఏడవకూడదని పిల్లలకు నేర్పే ముందు ఈ ఘట్టాన్ని ఒకసారి చదువుకోవాలని మా విన్నపం.

చివరకు మిగిలిన సంతానం ఫాతిమా (ర) ఒక్కరే. ఆమె వస్తే ఆయన లేచి ఎదురువెళ్ళి, చేయి పట్టుకుని, ముద్దాడి, తమ చోట కూర్చోబెట్టుకునేవారు. తిరగలి విసిరి చేతులు కాయలు కాచాయని పనిమనిషిని అడగడానికి ఆమె వచ్చినప్పుడు ఆయన ఇంట్లో లేరు. సంగతి తెలిసి ఆ రాత్రే వారి ఇంటికి వెళ్ళారు. వారు అప్పటికే పడుకున్నారు. లేవవద్దని వారించి దంపతుల మధ్య కూర్చున్నారు. ఆయన పాదాల చల్లదనం తన రొమ్మును తాకిందని అలీ (ర) తరువాత తలచుకున్నారు. పనిమనిషిని ఇవ్వలేదు. పడుకునే ముందు చేసుకునే తస్బీహ్‌ను నేర్పి వెళ్ళారు.

హిజ్రీ 11లో ఆయిషా (ర) గదిలో, ఆమె గుండెకు ఆనుకుని ఆయన తుదిశ్వాస విడిచారు. అప్పటికి ఆయన కవచం కొద్దిపాటి యవల కోసం తాకట్టులో ఉంది. ఖననం ముగిశాక ఫాతిమా (ర) అనస్ (ర)ను అడిగారు. దైవప్రవక్త (స)పై మన్ను పోయడానికి మీ మనసులు ఎలా ఒప్పుకున్నాయని. ఆ తరువాత ఆమె ఆరు నెలలే జీవించారు.

ఒకరోజు అస్ర్ నమాజు ముగించుకుని ఖలీఫా అబూబక్ర్ (ర), అలీ (ర) నడిచి వస్తున్నారు. దారిలో హసన్ (ర) పిల్లలతో ఆడుకుంటున్నారు. అబూబక్ర్ (ర) ఆ పిల్లవాణ్ణి భుజాన ఎక్కించుకుని, వీడిది నాన్న పోలిక కాదు, అచ్చం దైవప్రవక్త (స) పోలికే అన్నారు. పక్కనే నడుస్తున్న అలీ (ర) నవ్వారు.