పెద్ద అక్వేరియానికి మారేముందు: కోనసీమ నీటికి సరిపడే చేపలు

రెండడుగుల అక్వేరియం చాలక నాలుగడుగుల దానికి మారదలచినవారు సాధారణంగా మొదట అద్దం మందాన్ని, తరువాత చేపల రంగులను విచారిస్తారు. నీటి ప్రస్తావన చివరకు వస్తుంది. కోనసీమలో ముందుగా తేల్చుకోవలసింది నీటి సంగతే. కొత్తపేట వైపు కాలువ నీరు, బోరు నీరు చాలా చోట్ల మంచినీరే. రాజోలు దాటి సఖినేటిపల్లి, మలికిపురం వైపు సముద్రం సమీపించే కొద్దీ బోరు నీటిలో లవణాలు పెరుగుతాయి. వేసవిలో కాలువలు కట్టివేసినప్పుడు కాలువ నీరు వాడే ఇల్లు కూడా బోరుకు మారుతుంది. అందువలన చేపలను ఎంచుకొనే ముందు తమ నీటి ఉదజని సూచికను, లవణ సాంద్రతను కనీసం రెండు కాలాలలో పరీక్షించుకోవాలి.

పరిమాణం విషయంలో ఒక లెక్క అవసరం. రెండడుగుల పొడవు, అడుగు చొప్పున వెడల్పు, ఎత్తు గల తొట్టిలో సుమారు 57 లీటర్లు పడతాయి. పొడవు నాలుగడుగులు, వెడల్పు, ఎత్తు ఒకటిన్నర అడుగులైతే 255 లీటర్లు. నీరు నాలుగున్నర రెట్లయింది. గాలి తాకే ఉపరితలం మాత్రం రెండు చదరపు అడుగుల నుండి ఆరుకు, అనగా మూడు రెట్లే పెరిగింది. ప్రాణవాయువు ఉపరితలం గుండానే నీటిలో చేరుతుంది కనుక లీటర్లను చూసి చేపల సంఖ్యను నాలుగున్నర రెట్లు చేయరాదు. పైగా 20 డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరు నీటిలో సుమారు 9 మి.గ్రా. ప్రాణవాయువు కరిగితే 30 డిగ్రీల వద్ద కరిగేది 7.5 మి.గ్రా. మాత్రమే. మే నెలలో కరెంటు పోయి ఏరేటర్ ఆగిన రాత్రి ఈ తేడా తెలిసివస్తుంది. ఇరుకుగా, ఎత్తుగా ఉండే అలంకార తొట్లను నేను సిఫారసు చేయను.

తొట్టి మార్పిడిలో అసలు నష్టం నత్రజని వద్ద జరుగుతుంది. చేపల మొప్పల నుండి, మిగిలిన మేత నుండి వెలువడే అమ్మోనియాను ఒక వర్గపు బాక్టీరియా నైట్రైట్‌గా, మరొక వర్గం నైట్రేట్‌గా మారుస్తాయి. నేలలో జరిగే నత్రీకరణే ఇది. రెండవ దశకు మనం తరగతిలో నైట్రోబాక్టర్ పేరు చెబుతాము. మంచినీటి అక్వేరియంలలో ఆ పని ప్రధానంగా నైట్రోస్పైరా జాతులు చేస్తాయని 1998లో వెలువడిన పరిశోధన చూపింది. ఈ జీవులు ఎక్కువగా ఫిల్టర్ స్పాంజిని, గులకరాళ్లను అంటిపెట్టుకొని ఉంటాయి. కనుక పాత నీటిని బిందెలతో మోసి కొత్త తొట్టిలో పోసినందువలన దక్కేది స్వల్పం. పాత ఫిల్టరును ఆరనీయక, క్లోరిన్ ఉన్న కుళాయి నీటితో కడగక, కొత్త ఫిల్టరుతో పాటు కనీసం నెల రోజులు నడపాలి. అది లేకుండా ఆరంభిస్తే బాక్టీరియా స్థిరపడడానికి సాధారణంగా నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది.

క్షార నీటిలో ఈ జాగ్రత్త మరింత అవసరం. 30 డిగ్రీల వద్ద, ఉదజని సూచిక 7 అయితే మొత్తం అమ్మోనియాలో విషకరమైన రూపం ఒక శాతం లోపే ఉంటుంది. 8 అయితే ఏడు శాతం దాటుతుంది. వరి మడిలో నిలిచిన నీటిపై యూరియా చల్లినప్పుడు, పగటి వేళ నాచు వలన ఉదజని సూచిక పెరిగి నత్రజని గాలిలో కలిసిపోవడానికి కారణమూ ఇదే.

ఇక చేపలు. అమెజాన్ పరీవాహకపు ఆమ్ల జలాలకు చెందిన నియాన్ టెట్రాను క్షార నీటిలో పెంచబూనడం నిత్య ప్రయాస. కొద్దిగా ఉప్పు ఉన్న నీటికి మోలీ, గప్పీ తట్టుకుంటాయి. దక్షిణ భారత, శ్రీలంక తీరాల చవిటి నీటిలో సహజంగా పెరిగే నారింజ క్రోమైడ్ కూడా సరిపోతుంది, అయితే గుడ్లు పెట్టే వేళ అది తన చోటుకు ఇతర చేపలను రానీయదు. మంచినీటికి జీబ్రా డానియో, రోజీ బార్బ్, గౌరామి అనువైనవి. ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో పెరుగుతున్న జీబ్రా డానియో మన ఉపఖండపు చేపే. 1822లో హామిల్టన్ తన గంగానది చేపల గ్రంథంలో దానిని వర్ణించాడు. డానియో, బార్బ్‌లను ఆరుకు తగ్గకుండా గుంపుగా వేయాలి. బార్బ్‌లు పొడవు రెక్కలను కొరుకుతాయి కనుక వాటితో గప్పీలను కలపరాదు.

బొచ్చె పైపొరలో, శీలావతి మధ్యలో, ఎర్రమోసు అడుగున మేసే మిశ్రమ పెంపకం విద్యార్థులకు తెలిసినదే. దానిని తొట్టికి యథాతథంగా అన్వయించరాదు. చెరువులో ప్రతి పొరలోనూ సహజాహారం పుడుతుంది. తొట్టిలో మేతంతా మన చేతి నుండే పడుతుంది. వేర్వేరు పొరల చేపలను కలిపితే తరుముకోవడం తగ్గుతుంది, వ్యర్థాల భారం తగ్గదు.

ఎంపికలో అన్నిటికంటే ముఖ్యమైనది చేప పూర్తిగా ఎదిగిన పరిమాణం. అద్దం శుభ్రం చేస్తుందని రెండంగుళాల పిల్లగా అమ్మే సక్కర్ చేప అడుగు దాటి పెరుగుతుంది. మన చెరువుల్లో రూప్‌చంద్ పేరిట పెంచే పాకు కిలోల బరువు తూగే చేప; దాని పిల్లలు కూడా అక్వేరియం చేపలుగా అమ్ముడుపోతున్నాయి. నాలుగడుగుల తొట్టి కూడా వీటికి చాలదు. అప్పుడు వాటిని కాలువలో వదలడం సులభమనిపిస్తుంది. దక్షిణ అమెరికా నుండి వచ్చిన సక్కర్ చేప గాలిని మింగి శ్వాసించగలదు, గట్లలో బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది, దాని ముళ్లు వలలను చింపుతాయి. మన మత్స్యకారులు దానిని దెయ్యం చేప అంటారు. తూర్పు కనుమల జలాశయాల్లో దాని వ్యాప్తిని హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటిలోని డీఎన్ఏ ఆధారంగా గుర్తించారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుండి కోనసీమ సేద్యం మట్టి గట్ల కాలువలను నమ్ముకొని ఉంది. పంట కాలువ, మురుగు కాలువ, చేపల చెరువు ఒకదానితో ఒకటి కలిసే ఈ ప్రాంతంలో ఒకచోట వదిలిన చేప అక్కడే ఆగదు.

కనుక విస్తరణ సిబ్బందిని ఎవరైనా ఈ విషయమై సంప్రదిస్తే, పెరిగిన చేపను తిరిగి తీసుకుంటారా అని కొనేనాడే దుకాణదారుని అడగమని చెప్పాలి. తీసుకోమంటే ఆ జాతిని కొనకూడదు.