చేతికందిన గెలుపు చేజారుట ఎందువలన?

ఓడిపోవుచున్నవాని కష్టము అందరికిని కనబడును. గెలుచుచున్నవానికి కూడ ఒక కష్టము కలదు. దానిని గమనించువారు తక్కువ. ముందంజలోనున్న జట్టు తన ఆధిక్యమును ఎట్లు నిలుపుకొనవలెను? దూకుడుగా ఆడి దెబ్బతిన్నచో "ఎందుకీ సాహసము?" అందురు. నెమ్మదిగా ఆడి దెబ్బతిన్నచో "ఎందుకీ పిరికితనము?" అందురు. ఈ చిక్కు అన్ని ఆటలలోను ఉన్నదే. కాని అమెరికా దేశపు కళాశాలల ఫుట్‌బాల్‌లో ఇది మిక్కిలి స్పష్టముగా కనబడును.

నేడు మన కుటుంబములలో పెక్కింటికి ఆ దేశపు విశ్వవిద్యాలయములతో సంబంధమున్నది. శరత్కాలమున శనివారము రాత్రి అక్కడ ఆట ముగియునప్పటికి ఇక్కడ ఆదివారము తెల్లవారును. "మూడువంతుల ఆట వరకు మేమే ముందున్నాము, చివరకు పోగొట్టుకొన్నాము" అని అక్కడ చదువుకొను పిల్లలు ఫోనులో వాపోయినప్పుడు, వారితో నాలుగు మాటలాడుటకైనను మనకు ఆ ఆటతో కొంత పరిచయము కావలెను. రేడియోకు కూడ దానితో పాత బంధుత్వమే కలదు. పిట్స్‌బర్గ్, వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయముల పోటీని 1921 అక్టోబరు 8న పిట్స్‌బర్గ్ నగరపు కె.డి.కె.ఎ. కేంద్రము ప్రసారము చేసినది.

ముందుగా ఆట స్వరూపమును చూతము. ఇది మనము ఎరిగిన కాలిబంతి ఆట కాదు. బంతి కోలగా నుండును. దానిని చేతపట్టుకొని పరుగెత్తవచ్చును, ముందుకు విసరవచ్చును. జట్టుకు 11 మంది. మైదానము 100 గజములు. బంతి చేతనున్న జట్టు 4 ప్రయత్నములలో 10 గజములు ముందుకు పోవలెను. పోగలిగినచో మరల 4 ప్రయత్నములు లభించును. దీనినే 'ఫస్ట్ డౌన్' అందురు. పోలేకపోయినచో బంతి ఎదుటివారిది. అందుచేత మూడు ప్రయత్నములు విఫలమైన జట్టు సాధారణముగా నాలుగవసారి బంతిని దూరముగా తన్నివేయును. దీని పేరు 'పంట్'. బంతిని అవతలి గీత దాటించినచో 'టచ్‌డౌన్', 6 పాయింట్లు. ఆపైన ఒక చిన్న ప్రయత్నమున మరియొకటి గాని రెండు గాని చేర్చుకొనవచ్చును. గోలు కంబముల నడుమనుండి తన్నినచో 3 పాయింట్లు. ఆట కాలము 60 నిమిషములు, 15 నిమిషముల చొప్పున 4 భాగములు.

ఇక మన కథకు నాయకుడు గడియారము. బంతిని పట్టుకొని పరుగెత్తినవాడు మైదానములోనే పడిపోయినచో గడియారము నడచుచునే యుండును. విసరిన బంతిని ఎవరును పట్టుకొనలేకపోయినచో అది ఆగిపోవును. ఒక ప్రయత్నమునకును తరువాతి ప్రయత్నమునకును నడుమ 40 సెకండ్ల వరకు ఆలస్యము చేయవచ్చును. కావున ముందున్న జట్టు బంతిని విసరక, మూడుసార్లు ఊరకే పరుగెత్తినను సుమారు రెండు నిమిషములు కరిగిపోవును. ఎదుటివారు ఆటను ఆపుమని కోరు అవకాశములు ఒక్కొక్క అర్ధభాగమునకు మూడే. అవి అయిపోయిన పిదప, చివరి రెండు నిమిషములలో బంతి మన చేతనున్నచో, మోకాలు నేలకు మోపి కూర్చున్నను ఆట మనదే. కనుక జాగ్రత్త అనునది మూర్ఖత్వము కాదు. దానికి లెక్క యున్నది.

ఆ లెక్కను మరచినవాడు ఏమగునో చెప్పుటకు 2023 అక్టోబరు 7 నాటి ఆట చాలును. మయామీ జట్టు జార్జియా టెక్‌పై 20–17తో ముందున్నది. మిగిలినది నిమిషమైనను లేదు. ఆటను ఆపించుటకు ఎదుటివారికి అవకాశములు మిగులలేదు. మోకాలు మోపినచో చాలును. వారు మోపలేదు, బంతిని ఇచ్చి పరుగెత్తించినారు. పరుగెత్తినవాని చేతినుండి బంతి జారినది. 26 సెకండ్లు మిగిలియుండగా బంతిని దక్కించుకొన్న జార్జియా టెక్ నాలుగే ప్రయత్నములలో 74 గజములు సాగి, ఒక్క సెకండు మిగిలియుండగా టచ్‌డౌన్ సాధించి 23–20తో గెలిచినది. అనవసరమైన ఆ ఒక్క పరుగు ఆటను పోగొట్టినది.

ఐనచో పరాభవములకు మూలము సాహసమేనా? కాదు. అదే జాగ్రత్త రెండు నిమిషములు మిగిలినప్పుడు వివేకము. ఇరువది నిమిషములు మిగిలినప్పుడు వేరు. ఒక జట్టు 17 పాయింట్లు ముందున్నదనుకొందము. మిగిలిన కాలము 20 నిమిషములు. శిక్షకుడు "ఇక చాలును, విసరుట మానుడు, పరుగులే తీయుడు" అన్నాడు. చూచువారందరికి ఆ సంగతి తెలిసిపోవును. ఎదుటి జట్టుకును తెలియును. వారు తమ బలగమునంతటిని ముందువరుసకు తెచ్చి నిలుపుదురు. మూడు పరుగులు, అయిదారు గజములు, ఒక పంట్. గడచినది రెండు నిమిషములే. బంతి ఎదుటివారిది. వారు ఆత్రముగా ఆడుదురు. ఒకటిన్నర నిమిషములో మైదానము దాటగలరు. ఈ లెక్కన ఆ 20 నిమిషములలో వారికి బంతి అయిదారుసార్లు చిక్కును. మూడు టచ్‌డౌన్లు సాధించుటకు అయిదు అవకాశములు! వానిని వారికి ఇచ్చినది ఎవరు? ముందున్నవారే.

అదే జట్టు మొదట ఎట్లాడినదో అట్లే ఆడి, ఒకసారి విసరి ఒకసారి పరుగెత్తి, మూడు నాలుగు ఫస్ట్ డౌన్లు సంపాదించినదనుకొందము. అయిదారు నిమిషములు దానంతట అవియే గడచును. పాయింట్లు కూడ రావచ్చును. గడియారమును నిజముగా కరిగించునది పరుగు కాదు, ఫస్ట్ డౌన్. ఈ ఒక్క సంగతిని గ్రహించినచో ఈ విషయములో సగము గ్రహించినట్లే.

రక్షణలో కూడ ఇట్టి పొరపాటే జరుగును. పెద్ద దెబ్బ తగులకుండ ఆటగాండ్రను బహుదూరము వెనుకకు నిలుపుదురు. దీనిని 'ప్రివెంట్' రక్షణ అందురు. వెనుక భద్రముగా నుండును గాని, ముందు ఖాళీ ఏర్పడును. ఎదుటివాడు ఎనిమిదేసి, పదేసి గజములు ఏ శ్రమ లేక తీసికొనును. కాలము లేనివానికి ఆ గజములు చాలవు. కాలమున్నవానికి అవియే చాలును. "కుండలో కూడు కదలరాదు, బిడ్డలు మాత్రము దుడ్డులవలె నుండవలె"నని మన సామెత. ఆధిక్యము కదలరాదు, ఆట గెలువవలె ననుట అట్టిదే.

కొన్ని పేరుపొందిన ఉదాహరణములు చూడుడు. 2006 అక్టోబరు 21న నార్త్‌వెస్టర్న్ జట్టు మిషిగన్ స్టేట్‌పై మూడవ భాగములో 38–3తో ముందున్నది. చివరకు 41–38తో ఓడినది. 35 పాయింట్ల వెనుకబాటునుండి కోలుకొని గెలుచుట ఆ ఆట అగ్రశ్రేణిలో అంతకుముందు ఎరుగనిది. 2017 సెప్టెంబరు 3న పాసడీనాలో టెక్సాస్ ఎ అండ్ ఎం జట్టు 44–10తో ముందుండి, మూడవ భాగము ముగియవచ్చుచుండగా మొదలైన ఎదురుదెబ్బకు తాళలేక 45–44తో యు.సి.ఎల్.ఎ.కు లొంగిపోయినది. ఆ తుది ఘట్టమున యు.సి.ఎల్.ఎ. వరుసగా 35 పాయింట్లు చేసినది. టెక్సాస్ జట్టు ఒక్కటియు చేయలేదు.

అయినను ఒక్కమాట చెప్పవలెను. ఇట్టి పతనములన్నిటికిని శిక్షకుని అతిజాగ్రత్తయే కారణమనుట న్యాయము కాదు. నార్త్‌వెస్టర్న్ పంట్ ఒకటి అడ్డగింపబడి టచ్‌డౌనుగా మారినది. ఎ అండ్ ఎం జట్టులో బంతిని విసరు క్వార్టర్‌బ్యాక్ గాయపడినాడు. 2016 జనవరి 2న శాన్ ఆంటోనియోలో ఒరెగన్ జట్టు విరామము నాటికి 31–0తో ముందుండి, అదనపు ఆటలో 47–41తో టి.సి.యు.కు ఓడినప్పుడును ప్రధాన క్వార్టర్‌బ్యాక్ గాయపడియే యుండెను. మరియు, జాగ్రత్తగా ఆడి గెలిచిన వందల ఆటలు ఎవరికిని గుర్తుండవు. విరిగిన వంతెన వార్త యగును. నిలిచిన వంతెన వార్త కాదు.

పాతకాలపు ఆట ఒకటి ఇక్కడ జ్ఞప్తికి వచ్చుచున్నది. 1968 నవంబరు 23న హార్వర్డ్, యేల్ జట్లు తలపడినవి. అంతవరకు రెండిటికిని ఓటమి లేదు. 42 సెకండ్లు మిగిలియుండగా యేల్ 29–13తో ముందున్నది. ఆ 42 సెకండ్లలో హార్వర్డ్ 16 పాయింట్లు చేసి ఆటను 29–29గా ముగించినది. ఫలితము సమానమే. కాని హార్వర్డ్ విద్యార్థుల పత్రిక తమ జట్టు 29–29తో గెలిచినదని శీర్షిక పెట్టినది. ముందుండి సమానమగుట ఓటమివలెను, వెనుకబడి సమానమగుట గెలుపువలెను తోచునని ఆ శీర్షిక చెప్పకయే చెప్పినది.

ఈ మనస్తత్వమునే కానెమన్, ట్వెర్‌స్కీ అను ఇరువురు శాస్త్రవేత్తలు 1979లో సిద్ధాంతీకరించినారు. పొందినదానివలన కలుగు సంతోషముకంటె పోయినదానివలన కలుగు బాధ మనుష్యునికి ఎక్కువ. కావున చేతనున్నదానిని పోగొట్టుకొనకుండుటకై అతడు లాభమును వదలుకొనుటకైనను సిద్ధపడును. బర్క్‌లీ ఆర్థికశాస్త్రాచార్యుడు డేవిడ్ రోమర్ 2006లో వృత్తిజట్ల ఆటలను గణించి, నాలుగవ ప్రయత్నమున ముందుకు సాగుటయే లాభకరమైన చోట్ల కూడ జట్లు తరచుగా తన్నివేయుచున్నవని చూపినారు.

మా దృష్టిలో దీనికి మరియొక కారణము కూడ ఉన్నది. అది నింద. పదిమంది చేయునట్లు చేసి ఓడినచో, తప్పు ఆటగాండ్రది. ఎవరును చేయనిది చేసి ఓడినచో, తప్పు శిక్షకునిది. అతని ఉద్యోగము ప్రతి సంవత్సరము తూగుచుండును. 2006 డిసెంబరు 29న మిన్నెసోటా జట్టు 38–7 ఆధిక్యమును పోగొట్టుకొని టెక్సాస్ టెక్‌కు 44–41తో ఓడినది. రెండు దినములలో ఆ శిక్షకుడు పదవినుండి తొలగింపబడినాడు. ఇట్టి వార్తలు విన్న ఇతర శిక్షకులు మరింత జాగ్రత్తపడుదురు. ఆ జాగ్రత్త జట్టు కొరకా, తన కొరకా అనునది ఎవరికి వారే తేల్చుకొనవలసిన ప్రశ్న.

మార్పు రాకపోలేదు. నేడు అనేక కళాశాల జట్లు గణాంక పట్టికలను చేతనుంచుకొని నాలుగవ ప్రయత్నమున ముందుకే పోవుచున్నవి. అయితే సాహసమును సూత్రముగా పట్టుకొన్నను చాలదు. లిటిల్ రాక్ నగరమున పులాస్కి అకాడమీ పాఠశాల జట్టుకు శిక్షకుడైన కెవిన్ కెలీ పంట్‌ను ఇంచుమించు విడిచిపెట్టి పెక్కు రాష్ట్ర విజయములు సాధించినాడు. అదే పద్ధతితో 2021లో ప్రెస్బిటీరియన్ కళాశాలకు వచ్చి రెండే ఆటలు గెలిచి, తొమ్మిది ఓడినాడు. బలము మారినప్పుడు ఉపాయమును మారవలెను.

కనుక ముందున్నవాడు వేసికొనవలసిన ప్రశ్న "ధైర్యమా, జాగ్రత్తయా" అని కాదు. "ఎదుటివానికి బంతి ఇంకను ఎన్నిసార్లు చిక్కును?" అని. ఒక్కసారియు చిక్కదన్నచో మోకాలు మోపుటకు సిగ్గుపడనక్కరలేదు. అయిదుసార్లు చిక్కునన్నచో ఆధిక్యమును సంపాదించిన ఆటనే ఆడవలెను. మైదానములో నున్నవారు ఇరువది ఏండ్లు అటునిటుగా నున్న విద్యార్థులు. "నిన్ను నమ్మి ఇంతవరకు వచ్చితిమి, ఇకమీదట నమ్మము" అని ఎత్తుగడతో చెప్పినచో, ఆ మాట వారికి పెదవి విప్పకయే వినబడును. వచ్చే ఆదివారము ఉదయమున దూరదేశమునుండి మన పిల్లలు మరల అట్లే వాపోయినచో ఒక్క ప్రశ్న అడుగుడు: "ముందున్నప్పుడు మీవారికి ఫస్ట్ డౌన్లు ఎన్ని వచ్చినవి?" ఆట ఎక్కడ చేజారినదో ఆ జవాబులో చాలవరకు తెలియును.