పాత కంప్యూటరునకు చలువ పందిరి

కంప్యూటరు పెట్టె విప్పుట, ఫ్యానులు బిగించుట మగవారి పని యని మనలో పెక్కుమంది తలంతురు. మొన్నటి వేసవివరకు నేనును అట్లే తలంచితిని. అవసరము వచ్చినపుడు గరిటె పట్టిన చేయియే తిరుగుడుమర పట్టవలసివచ్చినది. ఆ ముచ్చట మీకు విన్నవింతును.

మా తండ్రిగారు నన్ను బడికి పంపక ఇంటనే అమరము, భారతము చెప్పిరి. తిక్కనగారి విరాటపర్వమునకు వారు వ్రాసికొనిన టిప్పణము నాలుగు నోటుపుస్తకములలో నాకు దక్కినది. కాగితములు అంచులవెంట పొడియై రాలుచున్నందున, దానిని కంప్యూటరులో ఎక్కించుటకు పూనుకొంటిని. మావారు బడిపంతులు. ఆదోనిలో ఒక అంగడి మూతపడినపుడు వారు చవుకగా కొనితెచ్చిన కోర్ 2 డ్యుయో యంత్రము మా యింట నున్నది. నాకు తీరిక దొరకునది మధ్యాహ్నము రెండు గంటలకు. పిల్లలు నిద్రించు వేళ. హొళగుందలో వైశాఖమాసపు రెండు గంటలనగా ఎట్టివో ఈ సీమవారికి చెప్పనక్కరలేదు. మా మిద్దెయింట ఆ వేళకు 40 డిగ్రీలు. సరిగా అప్పుడే ఆ యంత్రము గుప్పున ఆరిపోవుచుండెను. ఒకనాడు మూడు పుటల శ్రమ దానితోడనే పోయినది. రాత్రి వ్రాయరాదా యని కొందరడిగిరి. రాత్రి నాకు కన్నులు నిలువవు.

కారణ మిది. మా యంత్రములోని ప్రాసెసరు మిక్కిలి పనిలో నున్నపుడు ఇంచుమించు 65 వాట్ల విద్యుత్తును త్రాగును. ఆ త్రాగినదంతయు వేడిగా మారును. పాతకాలపు 60 వాట్ల గుండు బల్బును ముట్టినచో చేయి కాలుటలేదా? అంత వేడియు తపాలబిళ్లంత చోటున పుట్టునని తలపోయుడు. దానిపై రేకులు రేకులుగా నున్న లోహపు దిమ్మ, దానిమీద ఒక ఫ్యాను ఆ వేడిని గాలికి అప్పగింపవలెను. అది కుదరనపుడు ప్రాసెసరు మొదట తన నడక తగ్గించుకొనును. అప్పటికిని తాళలేనిచో ప్రాణరక్షణకై తానే యారిపోవును. కనుక అది మొరాయింపు గాదు, మొర.

పాలిటెక్నిక్కు చదువుచున్న మా తమ్ముడు సెలవులకు వచ్చి, "అక్కా, దీనికి నీటి చలువ పెట్టెదను, చూడు" అనెను. అది వింతమాట కాదు. లారీ ఇంజనును చల్లార్చునది నీరే గదా! 1985లో వెలువడిన క్రే-2 అను మహాయంత్రముయొక్క లోపలి పలకలను విద్యుత్తు పారని ఒక ద్రవములో ముంచియే యుంచిరి. 2004లో ఆపిల్ సంస్థ తన పవర్ మ్యాక్ జీ5 బల్లయంత్రములలో ఒకదానికి ద్రవపు చలువను అమర్చినది. నీటికి వేడిని మోసుకొనిపోవు శక్తి గాలికన్న ఎన్నోరెట్లు హెచ్చు. అయితే మోయుట వేరు, పోగొట్టుట వేరు. అంగడిలో దొరకు సరంజామాలో నీరు ఆ వేడిని గొట్టములద్వారా రేడియేటరునకు చేర్చును. అక్కడ మరల ఫ్యానులే దానిని గదిగాలిలోనికి త్రోయవలెను. గది 40 డిగ్రీలున్నపుడు అట్టి నీరు అంతకన్న చల్లబడజాలదు. పైగా దాని వెల ఆరువేల రూపాయలు; మా పాత ప్రాసెసరుపై బిగించుటకు తగిన పట్టీలు అందులో లేవు.

మా తమ్ముడు ఊరకుండునా? ప్రాసెసరుపై నుంచుటకు ఒక రాగిదిమ్మను, మూలబడిన ఎయిర్ కూలరులోని చిన్న పంపును సంపాదించి, రేడియేటరునకు మారుగా మా నీళ్లబానను వరండాలో నిలిపెను. ఇందులో తెలివి లేకపోలేదు. బాన చెమర్చి, ఆ చెమ్మ ఆవిరియగుచు లోని నీటిని గదికన్న చల్లగా ఉంచును. మన సీమ పొడిగాలిలో ఆ గుణము మరింత హెచ్చు. మూడు దినములు యంత్రము హాయిగా నడచినది. 58 డిగ్రీలు దాటలేదు. నేను పదునెనిమిది పుటలు వ్రాసితిని.

నాలుగవనాడు కరెంటు పోయినది. కంప్యూటరు ఇన్వర్టరుపై నున్నది, పంపు మాత్రము వట్టి లైనుపై నున్నది! నీరు నిలిచిపోయెను, ప్రాసెసరు పనిచేయుచునే యుండెను. మరల ఆరిపోయినది. ఆ లోపము సవరించిన మరునాడు వాడు ఉత్సాహము పట్టలేక ఫ్రిజ్జులోని మంచుగడ్డలు బానలో వేసెను. మంచునీళ్ల లోటాకు బయట చెమట పట్టుట మన మెరుగనిదా? ఆవిరివలన చల్లబడిన నీటికి ఆ ప్రమాదము లేదు. మంచు వేసినచో గొట్టమంతయు చెమర్చును. ఒక చుక్క మదర్‌బోర్డుపై బడినది, తెర నల్లబడినది.

నాలుగువందల పుటలు ఆ పెట్టెలో నుండెను. వేరొక ప్రతి లేదు. ఆ రెండు దినములు నాకు అన్నము రుచింపలేదు. అన్ని తీగెలును ఊడదీసి నీడపట్టున ఆరబెట్టి, మూడవనాడు మీట నొక్కగా దైవకృపచే తెర వెలిగినది. నేను చేసిన మొదటిపని పుటలన్నిటిని పెన్‌డ్రైవులోనికి ఎక్కించుకొనుట. రెండవపని బానను వరండానుండి తీయించుట. మా బోరునీరు పాత్రలకే తెల్లని పెంకు కట్టును. ఆ సన్నని కాలువలలో ఎన్నాళ్లు పారెడిది?

అటుపిమ్మట నేనే కూర్చుంటిని. తమ్ముడు దీపము పట్టెను. లోహపుదిమ్మ యూడదీసి చూడగా, ఫ్యాను క్రింద రేకులనడుమ దూదిపరుపువలె దుమ్ము! ఆదోని ప్రాంతమున ప్రత్తి నూగు గాలిలోనే యుండును గదా. దానిని పాత కుంచెతో దులిపితిని. ప్రాసెసరుపై మందు సుద్దవలె ఎండిపోయియున్నది. స్పిరిటుతో తుడిచి, పెసరగింజంత క్రొత్త థర్మల్ పేస్టు నడుమ నుంచితిని. ఎక్కువ పూసిన ఎక్కువ చల్లబడునను భ్రమ వలదు. దిమ్మను పట్టియుంచు నాలుగు చీలలలో ఒకటి ఎన్నాళ్లనుండియో సరిగా దిగలేదు. బోర్డు వెనుకనుండి చూచినగాని అది తెలియదు. ఇంతమాత్రముననే 94 డిగ్రీలనుండి 79కి దిగినది! ఖర్చు పేస్టు వెల మాత్రమే.

ఇక ఫ్యానులు. పెట్టె వెనుక 92 మిల్లీమీటర్ల ఫ్యానునకే చోటున్నది. ముందువైపు నిండుగా రేకు. 120 మిల్లీమీటర్ల ఫ్యాను పెట్టవలెనని అట్టముక్కపై కొలత గీసితిని: మరలకంతలు నాలుగును ఒకదానికొకటి 105 మిల్లీమీటర్ల దూరమున నుండవలెను. లోపలి వస్తువులన్నియు తీసివేసి ఖాళీపెట్టెనే ఇనుపపని చేయువానియొద్దకు పంపితిని. ఇనుపరజను ఒక రవ్వ బోర్డుపై బడినను చేటు. గాలి ఎటు పోవునో ఫ్యాను చట్రముపై బాణపుగుర్తు చెప్పును; గుర్తు లేనిచో కమ్ములున్న వైపునుండి గాలి వెడలును. మా తమ్ముడు తొందరలో రెండింటిని వెలుపలికే త్రిప్పి బిగించినాడు. అగరువత్తి వెలిగించి చూపితిని. పొగ ప్రతి సందునుండియు లోనికి దూరుచున్నది, దానివెంట దుమ్మును. వంటయింట కిటికీ గాలి నిచ్చును, గవాక్షి పొగను తీయును. అట్లే ముందరి ఫ్యాను లోనికి, వెనుకటిది వెలుపలికి. సరిచేసినపిదప మధ్యాహ్నము రెండు గంటలకు 70 డిగ్రీలు.

ప్రక్కరేకు తీసివేసి ఎదుట బల్లఫ్యాను పెట్టుకొనువారు కలరు. చల్లబడునుగాని దుమ్ము చేరును, పసివాండ్ర వ్రేళ్లును చేరును. ఎయిర్ కూలరును సూటిగా పెట్టెవైపు త్రిప్పరాదు. ముందరి ఫ్యానుకు దోమతెర గుడ్డ ఒక పొర కట్టితిని. దట్టపుగుడ్డ యైనచో గాలి యాడదు. నెలకొకసారి ఉతుకుదును, ప్రత్తి తీతల కాలమున పక్షమునకొకసారి.

తమ్ముడు తన రాగిదిమ్మను పెట్టెలో వేసికొని పోయెను. బాన వంటయింటికి తిరిగివచ్చినది. టిప్పణము ఉత్తరగోగ్రహణము వరకు వచ్చినది. నోటుపుస్తకము ఇంకొకటి మిగిలియున్నది.