గుండె గోడ మందమైతే అంతా బీపీ వల్లేనా?

"ఎకో తీశారు, పంపింగ్ 60 ఉంది, బాగుందన్నారు. మరి నాలుగడుగులు వేస్తే ఆయాసం ఎందుకొస్తోంది?" పెద్ద వయసువాళ్లు ఇలా అడిగితే, "వయసైంది కదా" అని ఇంట్లోవాళ్లు సర్దిచెప్పేస్తారు. నిజానికి అది సరైన ప్రశ్న.

పంపింగ్ అంటే గుండెలో నిండిన రక్తంలో ఎంత బయటికి పోతోందనే లెక్క. నెట్టాలంటే ముందు నిండాలి కదా. గోడలు బిరుసెక్కిన గుండె సాగదు, సరిగా నిండదు. నిండిన కాస్తలో 60 శాతం నెట్టినా ఒంటికి చాలదు. వెనక ఒత్తిడి పెరిగి ఊపిరితిత్తుల్లో, కాళ్లలో నీరు చేరుతుంది.

గోడ మందం కావడానికి బీపీయే ఎక్కువమందిలో కారణం. కొందరిలో మాత్రం కండ పెరగదు, కండ కణాల సందుల్లోకి వేరే పదార్థం చేరుతుంది. శరీరంలో తయారైన ప్రొటీన్ వంకర తిరిగి, కరగని పోగులుగా మారి, సున్నపురాతి నేలలో బోరునీళ్లు కాచిన బిందెకు గార పట్టినట్టు పేరుకుపోతుంది. దీన్నే కార్డియాక్ అమిలాయిడోసిస్ అంటారు.

గుండెకు పట్టేవాటిలో ముఖ్యమైనవి రెండు రకాలు. ఏఎల్ రకంలో ఎముక మజ్జలోని ప్లాస్మా కణాలు అదుపు తప్పి లైట్ చైన్లు అనే ప్రొటీన్ ముక్కల్ని రక్తంలోకి వదులుతాయి. ఇది రక్తానికి సంబంధించిన జబ్బు. వైద్యం ఆలస్యమైతే నెలల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. ఏటీటీఆర్ రకంలో కాలేయం చేసే ట్రాన్స్‌థైరెటిన్ అనే ప్రొటీన్ చెడుతుంది. ఇది నెమ్మదిగా ముదురుతుంది, ఎక్కువగా 65 దాటిన మగవాళ్లలో కనిపిస్తుంది. కొన్ని కుటుంబాల్లో జన్యులోపంగానూ వస్తుంది. అప్పుడు ఒక్కో బిడ్డకూ ఆ లోపం అందే అవకాశం సగానికి సగం. మన దేశంలో టీబీ చాలాకాలం ముదిరినవాళ్లలో ఇంకో రకం అమిలాయిడ్ ఉంది కానీ, అది ప్రధానంగా కిడ్నీలను పడుతుంది.

గుర్తుపట్టడమే అసలు కష్టం. ఏటీటీఆర్ రకంలో గుండె కంటే ముందు మణికట్టు చెబుతుంది. అక్కడి నరం నలిగి రెండు చేతుల వేళ్లూ తిమ్మిరెక్కుతాయి, రాత్రిళ్లు ఎక్కువ. గుండె లక్షణాలకు ఐదు పదేళ్ల ముందే ఈ కార్పల్ టనెల్ బాధ మొదలు కావచ్చు. ఎర్రగుంట్ల నాపరాళ్ల గనుల్లో, పాలిష్ మిషన్ల దగ్గర పనిచేసినవాళ్ల చేతులు తిమ్మిరెక్కితే అది పని వల్లేనంటారు. చాలాసార్లు నిజమే. మిషన్ అదురు, షుగర్, థైరాయిడ్ కూడా ఆ నరాన్ని నొక్కిస్తాయి. ఆయాసాన్నేమో బండల దుమ్ము మీదికో సిమెంటు దుమ్ము మీదికో తోసేస్తాం. రెండింటికీ చెరో కారణం దొరికాక మూడోది ఎవరు వెతుకుతారు?

వెతకాల్సిన ఆనవాళ్లు ఇంకా ఉన్నాయి. ఏళ్లుగా బీపీ ఉన్న మనిషికి మాత్రలు అక్కరలేనంతగా బీపీ తగ్గిపోవడం, లేచి నిలబడితే కళ్లు తిరగడం, నడుము దగ్గర వెన్నుకాలువ ఇరుకైపోవడం. ఏఎల్ రకమైతే మూత్రంలో నురగ, నాలుక లావెక్కడం, కళ్ల చుట్టూ కమిలిన మచ్చలు ఉండొచ్చు. వీటన్నిటికంటే తేలిగ్గా దొరికే ఆధారం ఈసీజీ. బీపీ వల్ల గోడ మందమైతే ఈసీజీ గీతలు మామూలుగా పెద్దవవుతాయి. ఎకోలో గోడ 12 మిల్లీమీటర్లు దాటి, ఈసీజీ గీతలు మాత్రం అందుకు తగినట్టు పెరగకుండా చిన్నవిగా ఉంటే అనుమానించాలి. అందరిలోనూ ఇలాగే ఉండదన్నది కూడా గుర్తుంచుకోవాలి.

అనుమానం వస్తే ముందు రక్తంలో ఫ్రీ లైట్ చైన్లు, రక్తానికీ మూత్రానికీ ఇమ్యునోఫిక్సేషన్ పరీక్షలు. వాటిలో తేడా ఉంటే రక్తజబ్బుల డాక్టర్ దగ్గరికి వెంటనే పోవాలి. పొట్ట కొవ్వు నుంచో, మజ్జ నుంచో, అవసరమైతే గుండె నుంచో ముక్క తీసి కాంగో రెడ్ రంగు వేసి చూస్తారు. ఆ రక్త, మూత్ర పరీక్షలు శుభ్రంగా ఉంటే టెక్నీషియం పైరోఫాస్ఫేట్ స్కాన్. గుండె బలంగా వెలిగితే ముక్క తీయకుండానే ఏటీటీఆర్ అని తేల్చవచ్చు. స్కాన్ ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు. ఏఎల్ ఉన్న కొందరిలోనూ అది వెలుగుతుంది, ఆ పొరపాటుకు విలువ ప్రాణమే. స్కాన్‌కు న్యూక్లియర్ మెడిసిన్ విభాగం కావాలి. తిరుపతి స్విమ్స్, వెల్లూరు సీఎంసీ, హైదరాబాద్ నిమ్స్‌లలో ఆ విభాగాలున్నాయి. ఈ స్కాన్ చేస్తారో లేదో ఫోన్‌లో కనుక్కుని రైలెక్కడం మేలు.

ఏఎల్‌కు బోర్టెజొమిబ్, సైక్లోఫాస్ఫమైడ్, డెక్సామెథసోన్, వీటికి తోడు డారటుముమాబ్ ఇస్తారు. బోర్టెజొమిబ్‌ను హైదరాబాద్ కంపెనీలే జనరిక్‌గా చేస్తున్నాయి. ఏటీటీఆర్‌కు టఫామిడిస్ వచ్చింది. 441 మందిపై జరిపి 2018లో ప్రచురించిన పరీక్షలో, 30 నెలల్లో మరణాలు ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 42.9 శాతం, ఈ మందు వాడినవాళ్లలో 29.5 శాతం. 2019లో అమెరికాలో అనుమతి వచ్చినప్పుడు దాని ధర ఏడాదికి 2,25,000 డాలర్లు. మందు కనిపెట్టి అంత ధర పెట్టడం, ఆకలైనవాడికి గాజు పెట్టెలో అన్నం చూపించడమే. పేరుకున్నదాన్ని ఈ మందు కడిగేయదు, జబ్బు ముదరడాన్ని నెమ్మది చేస్తుంది. అందుకే తొందరగా పట్టుకోవాలి.

ఖరీదైన మందు అందకపోయినా రోగం పేరు తెలియడం వృథా కాదు. నీరు పోయే మాత్రలు, ఉప్పు తగ్గించడం, రోజూ పొద్దున బరువు చూసుకోవడం చాలా మేలు చేస్తాయి. గుండె లయ తప్పితే రక్తం గడ్డకట్టకుండా మందు, కొందరికి పేస్‌మేకర్ కావాలి. వెరపమిల్, డిల్టియజెమ్ లాంటివి వీళ్లకు చెరుపు చేస్తాయి. మెటోప్రొలాల్ లాంటివి పడకపోవచ్చు. అలాగని ఏ మాత్రా సొంతంగా ఆపకండి, డాక్టర్‌ను అడగండి.

చేతికి ఆపరేషన్ చేసినాయన ఒకరు, కిడ్నీ చూసినాయన ఒకరు, గుండె చూసేది ఇంకొకరు. ఈ ముక్కలన్నీ ఒకచోట చేర్చగలిగింది రోగీ, ఇంట్లోవాళ్లే. గుండె డాక్టర్ దగ్గరికి పోయేటప్పుడు పాత ఈసీజీలు, ఎకో రిపోర్టులు, మణికట్టు ఆపరేషన్ డిశ్చార్జి కాగితం కూడా తీసుకుపోండి. "ఇది అమిలాయిడ్ కావచ్చా సార్?" అని అడగండి.