గొంతులోని గాలిబుడగ

మత్తులో ఉన్న మనిషి దగ్గలేడు. కడుపులోది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి జారిందంటే ప్రాణం మీదికే వస్తుంది. 1878లో గ్లాస్గో సర్జన్ విలియం మెకీవెన్ నోటిగుండా శ్వాసనాళంలోకి గొట్టం దించి క్లోరోఫామ్ ఇచ్చాడు. దారి దొరికింది. గొట్టానికీ శ్వాసనాళం గోడకీ నడుమ సందు మాత్రం మిగిలిపోయింది.

గొట్టం చుట్టూ గాలి నింపే రబ్బరు సంచి తొడిగి ఆ సందు మూయాలన్న ఆలోచన పాతదే. జర్మనీలో ట్రెండలెన్‌బర్గ్ అనే సర్జన్ అప్పటికే, గొంతు కోసి పెట్టే గొట్టానికి అలాంటిది వాడాడు. దాన్ని మత్తు డాక్టర్ల చేతికి తెచ్చింది అమెరికాకు చెందిన ఆర్థర్ గ్యుడెల్. కసాయి దుకాణం నుంచి తెచ్చిన జంతువుల శ్వాసనాళాల్లో దాన్ని పరీక్షించాడు. తర్వాత రాల్ఫ్ వాటర్స్ అనే మత్తు డాక్టరుతో కలిసి ఒక కుక్కకు మత్తిచ్చి, గొట్టం వేసి, నీళ్లతొట్టిలో ముంచి అందరికీ చూపించాడు. నీళ్లలో మునిగి కూడా అది గొట్టంలోంచి నిశ్చింతగా ఊపిరి తీసుకుంది. 1928లో ఇద్దరూ ఆ గొట్టం గురించి రాశారు. ఆ సంచినే ఇప్పుడు కఫ్ అంటున్నాం.

గంటా రెండు గంటల ఆపరేషన్లకు అది వరమే. వెంటిలేటర్లు వచ్చి గొట్టం రోజుల తరబడి లోపలే ఉండాల్సి వచ్చాక అసలు కష్టం మొదలైంది. బతికి ఇంటికెళ్లినవాళ్లలో కొందరికి కొన్ని వారాలకు ఆయాసం, ఊపిరిలో ఈల. చాలామంది దాన్ని ఉబ్బసమనుకున్నారు. బోస్టన్‌లో జోయెల్ కూపర్, హెర్మిస్ గ్రిల్లో అనే సర్జన్లు వెంటిలేటర్ మీద చనిపోయినవారి శ్వాసనాళాలు పరిశీలించి 1969లో కారణం చెప్పారు. గాయం సరిగ్గా కఫ్ ఆనినచోటే ఉంది. గోరు నొక్కితే తెల్లబడుతుంది కదా, బిర్రుగా ఉబ్బిన కఫ్ కింద లోపలి పొరకూ అలాగే రక్తం అందదు. పొర పుండై, మృదులాస్థి బయటపడి, చివరికి మచ్చకట్టి దారి ఇరుకవుతుంది. కాపాడటానికి పెట్టిందే గాయపరుస్తోందని తెలియడం ఆ డాక్టర్లకు ఎంత బాధ కలిగించి ఉంటుందో!

వదులుగా, వెడల్పుగా, తక్కువ ఒత్తిడితో గోడకు ఆనే కఫ్‌లు అలా వచ్చాయి. అయినా ఎక్కువ గాలి కొడితే అవీ గాయం చేస్తాయి. అందుకే ఒత్తిడి 20 నుంచి 30 సెంటీమీటర్ల నీటిమట్టం మధ్య ఉండాలంటారు. ఆపరేషన్‌లో వాడే నైట్రస్ ఆక్సైడ్ కఫ్‌లోకి ఇంకి, ఎవరూ ముట్టుకోకుండానే ఒత్తిడి పెంచుతుంది. కఫ్‌కు కలిపి ఉండే బయటి చిన్న బుడగను వేళ్లతో నొక్కి అంచనా వేయడం చాలదు, మానోమీటర్‌తో కొలవాలి.

ఐసీయూ నుంచి వచ్చిన కొన్ని వారాలకు ఊపిరిలో ఈల వినిపిస్తే, గొంతులో గొట్టం వేశారన్న సంగతి డాక్టరుకు ముందే చెప్పండి.