అతిధ్వనులతో శుభ్రం చేయడం: ఏ వస్తువుకు ఎంతసేపు, ఎంత వేడి?

అతిధ్వనుల పాఠం మనమందరం హైస్కూల్లో చదివిందే. గబ్బిలాలు దారి తెలుసుకోవడం, సముద్రం లోతు కొలవడం, కడుపులో బిడ్డను స్కానింగులో చూడడం... ఉపయోగాలు రాయమంటే ఇవి రాసి మార్కులు తెచ్చుకున్నాం. వాటి చివర 'వస్తువులను శుభ్రపరచుటకు' అని ఒక ముక్క ఉండేది. అది ఎలాగో పరీక్షలో ఎవరూ అడగలేదు.

హాస్టల్ దాటి బయటికి వెళ్లాక మాలో చాలామందికి ఎదురైంది మాత్రం ఆ చివరి ముక్కే. ఎం.ఎస్సీ. ఫిజిక్స్ ల్యాబులో మాకు, పంటి ఆసుపత్రిలో సహాయకురాలిగా చేరిన చెల్లెలికి, బైకు మెకానిక్ దగ్గర పని నేర్చుకుంటున్న తమ్ముడికి, సెల్‌ఫోన్ రిపేరు షాపులో కుదిరిన మరొకరికి, అందరి ముందూ ఉన్నది ఒకటే యంత్రం: అల్ట్రాసోనిక్ క్లీనర్. ఒక స్టీలు తొట్టి, ముందు రెండు నాబులు. ఒకటి టైముకు, ఒకటి వేడికి. దాన్ని చూపించి "అందులో వేసి తిప్పు" అంటారే గానీ ఎంత తిప్పాలో, ఎందుకు తిప్పాలో చెప్పేవాళ్లు తక్కువ. పుస్తకం ఇస్తే ఇంగ్లీషులో ఉంటుంది. వస్తువు పాడైతే కోత పడేది కొత్తగా చేరినవాళ్ల జీతంలోనే. అందుకని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

తొట్టి అడుగున బయటివైపు పీజోఎలక్ట్రిక్ బిళ్లలు అతికించి ఉంటాయి. కరెంటు దిశ మారినప్పుడల్లా అవి సాగి, ముడుచుకుంటాయి. నొక్కితే విద్యుత్తు పుట్టే గుణాన్ని 1880లో క్యూరీ సోదరులు కనుగొన్నారు. ఇది దానికి తిరగేసిన రూపం. ఎక్కువ యంత్రాల్లో ఈ కదలిక సెకనుకు 40 వేల సార్లు, అంటే 40 కిలోహెర్ట్జ్. మన చెవికి 20 దాటితే వినపడదు. మరి యంత్రం వేయగానే 'సుయ్' మని వినపడేదేమిటని అడగవచ్చు. అది చాలావరకు నీటిలో బుడగలు చేసే చప్పుడు.

అసలు పని చేసేదీ ఆ బుడగలే. తరంగం వల్ల నీటిలో పీడనం తగ్గిన క్షణాన కంటికి కనపడనంత చిన్న బుడగలు పుడతాయి, పెరిగిన క్షణాన కూలిపోతాయి. వస్తువు పక్కన కూలినప్పుడు సన్నని నీటి ధార దాని మీదికి దూసుకుపోతుంది. బ్రష్షు వెంట్రుక దూరని రంధ్రంలో మురికిని కూడా అది పెకలిస్తుంది. దీన్ని కావిటేషన్ అంటారు. అలా కూలేటప్పుడు ఎంత పీడనం పుడుతుందో 1917లో లార్డ్ రేలీ లెక్క కట్టారు. ఓడల ప్రొపెల్లర్లను గుంటలు గుంటలుగా తినేసేది కూడా ఇదే. ఈ మాట గుర్తుంచుకుంటే మిగతా వ్యాసమంతా సులువు. మురికిని తీసే బుడగే, అవసరానికి మించి ఉంచితే, వస్తువునూ తింటుంది. 'ఇంకో అరగంట ఉంచితే ఇంకా మెరుస్తుంది' అనేది నిజం కాదు.

పౌనఃపున్యం తగ్గితే బుడగ పెద్దదవుతుంది, దెబ్బ గట్టిగా పడుతుంది. 25 కిలోహెర్ట్జ్ యంత్రాలు బరువైన ఇనుప సామానుకు, 80, ఆపైవి సున్నితమైనవాటికి. కానీ చిన్న యంత్రాల్లో ఇది కొన్నప్పుడే ఖాయమైపోతుంది. మన చేతిలో మిగిలేవి ద్రవం, వేడి, సమయం, పెట్టే తీరు.

ముందు నీళ్ల సంగతి. కుళాయి నీటిలో గాలి కరిగి ఉంటుంది. ఆ గాలి బుడగల్లోకి చేరితే దెబ్బ మెత్తబడుతుంది. కాబట్టి నీళ్లు, సబ్బు పోసి వస్తువులేమీ లేకుండా 5 నుంచి 10 నిమిషాలు ఉత్తగా నడపాలి. దీన్ని డీగ్యాస్ చేయడం అంటారు. నీటిలో బుడగల పని 50, 65 డిగ్రీల మధ్య బాగుంటుంది. మరిగే దాకా పోతే బుడగల్లో ఆవిరి నిండి దిండు మీద గుద్దినట్టే అవుతుంది. వస్తువును అడుగున ఆనించకూడదు, బుట్టలోనే పెట్టాలి. తొట్టి ఖాళీగా ఉండగా స్విచ్ వేయరాదు. నడుస్తుండగా చెయ్యి పెట్టరాదు.

ఇక్కడ ఒక చిన్న లెక్క. నీటిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 1500 మీటర్లు. దాన్ని 40,000తో భాగిస్తే తరంగదైర్ఘ్యం 3.75 సెంటీమీటర్లు. స్థిర తరంగాలు ఏర్పడితే అందులో సగం దూరానికి, అంటే 2 సెంటీమీటర్లకు కాస్త లోపే, ఒక్కో బలమైన చోటు వస్తుంది. మధ్య చోట్లు బలహీనం. అందుకే సగం టైములో యంత్రం ఆపి వస్తువును తిప్పి పెట్టాలి. నమ్మకం కుదరకపోతే ఇంట్లో చపాతీలు చుట్టే పలుచని అల్యూమినియం కాగితాన్ని నిలువుగా ఒక నిమిషం లోపల వేలాడదీసి చూడండి. ఎక్కడ చిల్లులు పడ్డాయో అక్కడ బలం ఉన్నట్టు. తర్వాత ఆ ముక్కలు తొట్టిలో లేకుండా కడిగేయాలి.

ఇక వస్తువులు. కార్బురేటర్‌తో మొదలుపెడదాం. 2020 ఏప్రిల్‌లో బి.ఎస్.-6 నిబంధనలు వచ్చాక కొత్త బైకులు ఇంజెక్షన్‌కు మారినా, పాత బళ్లు ఇంకా షెడ్డుకు వస్తూనే ఉన్నాయి. దాని బాడీ అల్యూమినియం లేదా జింకు మిశ్రమం. కాస్టిక్ సోడా వంటి గాఢ క్షారం ఈ రెండు లోహాలనూ తినేస్తుంది, హైడ్రోజన్ వాయువు వస్తుంది. ఇంటర్ కెమిస్ట్రీలో చదివిన సమీకరణమే ఇది. కాబట్టి అల్యూమినియానికి పనికొచ్చే తేలికపాటి సబ్బు ద్రవమే వాడాలి. రబ్బరు రింగులు, ఫ్లోటు, జెట్లు విప్పి, మందపాటి జిడ్డు ముందే తుడిచి, 55 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు. తీసి చూసి, అవసరమైతే తిప్పి మరో 10. తర్వాత మంచినీళ్లతో కడిగి, దారులన్నిటిలోకి గాలి కొట్టాలి. తొట్టిలో పెట్రోలు, థిన్నరు మాత్రం ఎవరు చెప్పినా పోయవద్దు. వేడి, ఆవిరి, కరెంటు మూడూ ఒకచోట ఉన్న యంత్రమది. నిప్పంటుకోవడానికి ఇంకేం కావాలి?

పంటి ఆసుపత్రి పనిముట్లకు లెక్క తిరగబడుతుంది. అక్కడ మురికి అంటే రక్తం. రక్తంలోని ప్రోటీను వేడి తగిలితే గుడ్డులో తెల్లసొనలా గట్టిపడి లోహానికి పట్టేస్తుంది. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చినవాళ్లం మేమే మొదలు. అయినా రక్తం మరక పడ్డ గుడ్డను చన్నీళ్లలోనే ఉతకాలని మా అమ్మకు ఎవరూ నేర్పనవసరం లేకపోయింది. అదే సూత్రం. ముందు చల్లని నీటితో కడిగి, ఎంజైము ద్రవంలో, 40 డిగ్రీలు దాటకుండా నడపాలి. కత్తెరలు, పట్టకార్లు తెరిచి ఉంచాలి. స్టీలును, అల్యూమినియాన్ని కలిపి వేయకూడదు. మూత పెట్టాలి, లేకపోతే తుంపరలు గాలిలోకి లేచి మీ ముక్కులోకే వస్తాయి. డ్రిల్లు హ్యాండ్‌పీసును కంపెనీ పుస్తకంలో వేయమని ఉంటే తప్ప వేయవద్దు. ఇంకో మాట: ఈ యంత్రం శుభ్రం చేస్తుందే గానీ క్రిములను పూర్తిగా చంపదు. ఆ తర్వాత ఆటోక్లేవ్ తప్పదు. అది మరిచిపోతే నష్టం జీతంలో కోతతో ఆగదు, రోగి ఒంటి మీదికి పోతుంది.

నగల షాపులో మన తమ్ముడొకడు చిక్కుల్లో పడ్డాడు. ఎవరో నవరత్నాల ఉంగరం ఇస్తే, యజమాని చెప్పినట్టే అమ్మోనియా ద్రవంలో వేశాడు. ముత్యం మెరుపు పోయింది. రెండు నెలలు జీతంలో పట్టుకున్నారు. ఉత్త బంగారానికైతే సబ్బు నీటిలో మూడు నుంచి ఐదు నిమిషాలు చాలు. కానీ నవరత్నాల్లో ముత్యం, పగడం ఉంటాయి. రెండూ కాల్షియం కార్బోనేటే, మెత్తనివి. పచ్చల్లోని పగుళ్లలో నూనె నింపి అమ్మడం మామూలు, ఆ నూనె బయటికి వచ్చేస్తుంది. ఉంగరాన్ని మొత్తంగా వేయడమే పనికిరాదన్నమాట. లోపల లక్క నింపిన పాత నగలదీ అంతే, వేడికి లక్క మెత్తబడుతుంది. ముత్యానికి తడిగుడ్డ, లక్క నగలకు పొడిగుడ్డ మేలు. ఉత్త బంగారానికి కంసాలి వాడే కుంకుడు రసం, మెత్తని బ్రష్షు ఇప్పటికీ తక్కువేమీ కాదని మా అభిప్రాయం.

నీళ్లలో పడ్డ ఫోను బోర్డుకు రెండు మూడు నిమిషాలు మించవద్దు. బ్యాటరీ, కెమెరా, మైకు, స్పీకరు ముందే తీసేయాలి. చివరగా డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, పూర్తిగా ఆరాకే కరెంటు ఇవ్వాలి.

మా ల్యాబులో గాజు పలకలకు సబ్బు నీటిలో 10 నిమిషాలు, డిస్టిల్డ్ వాటర్‌లో మరో 10. తొట్టి నీళ్లు మాసినట్టు కనపడగానే పారబోస్తాం. వదిలిన మురికి అదే నీటిలో ఉండి మళ్లీ పలక మీదికే చేరుతుంది. యంత్రం పక్కన దారంతో ఒక నోటుబుక్కు కట్టాం. వస్తువు, ద్రవం, డిగ్రీలు, నిమిషాలు, ఫలితం అని ఐదు గడులు. కొత్తగా వచ్చినవాళ్లు ముందు అది తెరిచి, తర్వాతే నాబు మీద చెయ్యి వేస్తారు.